తుంగనాథ్ వెళ్తున్నాం.. బీపీ ఉంటే చంద్రశిల ఎక్కొచ్చా?

ప్రశ్న: మాది కావలి. నాకు 54 ఏళ్లు. ఆరేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. వేసుకుంటున్నాను. షుగర్ లేదు. అక్టోబరులో ఉత్తరాఖండ్‌లోని తుంగనాథుడి దర్శనం చేసుకుని, గుడికి పైనున్న చంద్రశిల శిఖరం చూసి అదే రోజు దిగిపోవాలనుకుంటున్నాం. రిషికేశ్ నుంచి ఒక్క రోజులో, నడక మొదలయ్యే చోప్తా చేరి, మర్నాడు తెల్లవారుజామున 4 గంటలకే బయల్దేరతాం. ఫర్వాలేదా? ముందే మాత్రలేమైనా వేసుకోవాలా?

జవాబు: బీపీ అదుపులో ఉంటే నిరభ్యంతరంగా వెళ్లండి. నాకు కంగారు కలిగించింది మీ బీపీ కాదు, మీరు వేసుకున్న ప్లాన్. రిషికేశ్ ఎత్తు 400 మీటర్లలోపే. చోప్తా దాదాపు 2,700 మీటర్లు, తుంగనాథ్, చంద్రశిల సుమారు 3,500 నుంచి 4,000 మీటర్ల మధ్య ఉంటాయి. పైన ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ కావలిలో అందేదానిలో 60-65 శాతమే. రెండు రోజులైనా గడవకముందే అంత ఎత్తుకు వెళ్తే ఒంటికి అలవాటుపడే వ్యవధి ఉండదు.

ఒక రాత్రి దారిలోని ఉఖీమఠ్‌లో (1,300 మీటర్లు), తర్వాత రెండు రాత్రులు చోప్తాలో పడుకోండి. మధ్యరోజు తుంగనాథ్ దారిలో ఓ గంట నడిచి వెనక్కి రండి. మర్నాడు ఎక్కండి. ఇలా వెళ్తే చాలామందికి మాత్రల అవసరం రాదు. ఇంతకుముందు ఎత్తు ప్రదేశాల్లో ఇబ్బంది పడి ఉంటే మాత్రం మీ డాక్టర్ని అడిగి, చోప్తా చేరడానికి ముందురోజు నుంచి, ఎత్తుకు ఒళ్లు అలవాటుపడటానికి తోడ్పడే ఎసిటజోలమైడ్ 125 మి.గ్రా. రోజుకు రెండుసార్లు వేసుకోవచ్చు. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువగా రావడం మామూలే. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు సొంతంగా వాడకూడదు.

బీపీ మాత్ర ఒక్కరోజు కూడా మానొద్దు. కొత్త ఎత్తులో బీపీ కాస్త పెరుగుతుంది. మెషీన్ వెంట ఉంచుకోండి, 160/100 దాటితే ఆ రోజు ఎక్కొద్దు. మీ మాత్ర పేరు చివర ‘హెచ్’ ఉందేమో స్ట్రిప్ చూడండి. ఉంటే అందులో మూత్రం ఎక్కువగా వచ్చే మందు కలిసి ఉన్నట్టు. అలాంటప్పుడు ఒంట్లో నీరు తగ్గిపోయే ప్రమాదం ఉంది, ఎసిటజోలమైడ్‌తో కలిస్తే పొటాషియం కూడా పడిపోతుంది. బయల్దేరే ముందు ఈసీజీ, హిమోగ్లోబిన్ చూపించుకోండి. మెట్లెక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్టుంటే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) చేయించుకోనిదే వెళ్లొద్దు.

ఆరు వారాల ముందు నుంచే నరసింహకొండ, ఉదయగిరి లాంటి చోట్ల ఎక్కి దిగితే కాళ్లకు బలం వస్తుంది. అయితే పైన ఆక్సిజన్ తక్కువై వచ్చే ఎత్తు జబ్బును అది ఆపదు. గుర్రమెక్కి వెళ్లినా అంతే. కాళ్లకు శ్రమ తగ్గుతుంది గానీ ఆక్సిజన్ పెరగదు.

4 గంటలకు బయల్దేరొద్దు. చీకట్లో రాతిబాట మీద సన్నని మంచు పొర కనపడదు, కాలు జారుతుంది. వెలుగొచ్చాక కదలండి. పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలిగేంత నెమ్మదిగా ఎక్కండి. ఇక్కడి నుంచి తీసుకెళ్లే నూలు బనియన్ చెమటకు తడిసిపోతుంది. గుడి దగ్గర ఆగగానే గాలికి వణుకు పుడుతుంది. సంచిలో పొడి బనియన్ ఒకటి పెట్టుకుని అక్కడే మార్చుకోండి. రెండున్నర లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ ఉండాలి. ముందురోజు మద్యం, నిద్రమాత్రలు వద్దు.

తలనొప్పితో పాటు వికారమో, కళ్లు తిరగడమో ఉంటే ఇంకో అడుగు పైకి వేయొద్దు. పారాసిటమాల్ వేసుకుని గంట కూర్చోండి. తగ్గకపోతే దిగేయండి. తలనొప్పి గుడి దగ్గరే మొదలైతే దర్శనం చేసుకుని వెనక్కి రండి, చంద్రశిల వదిలేయండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, గీత మీద నడవమంటే తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా ఆలస్యం చేయకుండా మోసుకునైనా దించాలి. అలాంటి మనిషిని ఒంటరిగా పంపకూడదు. చిన్న ఆక్సిజన్ డబ్బాలు కొన్ని నిమిషాల్లో అయిపోతాయి, వాటిని నమ్ముకుని పైనే ఉండిపోవద్దు. పల్స్ ఆక్సీమీటర్ చల్లని వేలికి తప్పు చూపిస్తుంది, చేతులు బాగా రుద్దుకుని వెచ్చబడ్డాకే పెట్టుకోండి.