అరికాలి మచ్చ: మైక్రోస్కోప్ కోసం ఆగకండి

ప్రశ్న: మా నాన్నకు 58 ఏళ్లు. పరకాల దగ్గర పత్తి సాగు చేస్తారు. మడమ కింద నల్ల మచ్చ ఆరు నెలలుగా పెరుగుతోంది. ఆనెకాయ అనుకుని రెండుసార్లు బ్లేడుతో చెక్కుకున్నారు, మందుల షాపులో ఇచ్చిన ప్లాస్టర్ వేశారు. ఈ మధ్య రక్తం వస్తోంది. కోయకుండానే చర్మ కణాలను చూపించే కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ గురించి చదివాను. హైదరాబాద్‌లో చేయించవచ్చా? కత్తి తగిలితే పాకుతుందని నాన్న భయం.
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ఆ బ్లేడు, ప్లాస్టర్ ఆపించండి. ఆనెకాయ ప్లాస్టర్‌లో ఉండే శాలిసిలిక్ యాసిడ్ చర్మాన్ని తినేస్తుంది, మచ్చ అసలు రూపు చెడిపోతుంది. తర్వాత చూసే డాక్టర్‌కు పోల్చుకోవడం కష్టం. షుగర్ ఉంటే పుండు త్వరగా మానదు కూడా.

మీరు చదివింది నిజమే. ఆ మైక్రోస్కోప్ 830 నానోమీటర్ల లేజర్ కాంతిని చర్మం మీదికి పంపి, తిరిగొచ్చే వెలుగుతో కణాలను అప్పటికప్పుడే చూపిస్తుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అందులో తెల్లగా మెరుస్తుంది కాబట్టి ముఖం మీది మచ్చలకు చాలా ఉపయోగం. కానీ అది చూడగలిగే లోతు సుమారు 0.2 మిల్లీమీటర్లే. చెప్పుల్లేకుండా చేనులో తిరిగే మనిషి మడమకు పైపొరే అంతకన్నా మందంగా ఉంటుంది. మీ నాన్నగారికి దానితో తేలేది తక్కువ.

ముల్లు గుచ్చుకుని లోపల రక్తం గడ్డకట్టినా, పులిపిరి అయినా ఇలా నల్లగా కనబడవచ్చు. చూడకుండా ఏదీ చెప్పలేను. అయితే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మన వాళ్లలో అరుదే అయినా, వస్తే ఎక్కువగా అరికాలు, అరచేయి, గోళ్ల కిందే వస్తుంది. పెరుగుతూ, రక్తం కారుతున్న మచ్చను ఆరు నెలలు ఇంట్లో పెట్టుకోవడం తప్పు. రైతులు కాలి పుండును పట్టించుకోరు, పత్తి ఏరడం అయ్యాక చూద్దామంటారు. మీరైనా ఆగకుండా తీసుకెళ్లాల్సింది.

ఈ వారంలోనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి గానీ, దగ్గర్లోని చర్మ వైద్యుల దగ్గరికి గానీ వెళ్లండి. ముందు డెర్మోస్కోప్‌తో, అంటే మచ్చను పెద్దదిగా చూపించే లైటున్న భూతద్దంతో చూస్తారు. అనుమానం ఉంటే మత్తు సూది ఇచ్చి చిన్న ముక్క తీస్తారు, లేదా మచ్చ మొత్తం తీసేస్తారు. ఇలా ముక్క తీసి పరీక్షించడం (బయాప్సీ) వల్ల క్యాన్సర్ పాకుతుందనేది అపోహ, నాన్నగారికి నెమ్మదిగా చెప్పండి. మెలనోమా అయితే ఎన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగిందన్న దాని మీదే చికిత్స ఆధారపడుతుంది. ఆ కొలత ముక్క పరీక్షలోనే తెలుస్తుంది.

వెళ్లేటప్పుడు వాడిన ప్లాస్టర్ ప్యాకెట్ తీసుకెళ్లండి. రెండో అరికాలు, కాలి గోళ్లు, గజ్జల్లో గడ్డలేమైనా ఉన్నాయేమో కూడా చూడమని అడగండి.