మన బియ్యం దిగే రేవు: బెనిన్ మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో బియ్యం ఎగుమతుల గురించి రాస్తూ, కాకినాడలో ఓడెక్కే ఉప్పుడు బియ్యం ఎక్కువగా వెళ్లే దేశాల్లో పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ ఒకటి అని ఒక్క ముక్క రాశాను. ఆ ఒక్క ముక్క పట్టుకుని గుంటూరు, విజయవాడ, తెనాలి, వేటపాలెం నుంచి ఉత్తరాలు వచ్చాయి. చాలా సంతోషం వేసింది, ఎందుకంటే మన పంట తినేవాళ్ల గురించి మనం అడగడం తక్కువ. ఈసారి శీర్షిక మొత్తం ఆ దేశానికే.

మా అబ్బాయికి బెనిన్‌లో కోటోను అనే ఊళ్లో బియ్యం దిగుమతి చేసే కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. బంధువులంతా "ఆఫ్రికాకా?" అని భయపెడుతున్నారు. టీవీలో మొన్న సైన్యం తిరుగుబాటు అని కూడా చెప్పారు. నాకు నిద్ర పట్టడం లేదు. పంపించమంటారా? (ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు)

అమ్మా, ముందు ఆ టీవీ వార్త సంగతి. 2025 డిసెంబరు 7న కొందరు సైనికులు అక్కడి ప్రభుత్వ టీవీలో కనిపించి ప్రభుత్వాన్ని దించేశామన్నారు. ఆ రోజే ఆ ప్రయత్నం విఫలమైంది, పక్కనున్న నైజీరియా విమానాలు పంపి సాయం చేసింది. కాబట్టి వార్త నిజమే, కానీ ప్రభుత్వం పడిపోలేదు. ఇంకో నిజం కూడా మీకు చెప్పాలి. దేశానికి ఉత్తరాన, బుర్కినా ఫాసో, నైజర్ సరిహద్దుల దగ్గర సాయుధ ముఠాల దాడులు కొన్నేళ్లుగా జరుగుతున్నాయి, సైనికులు చనిపోతున్నారు. కోటోను మాత్రం దక్షిణాన సముద్రం ఒడ్డున ఉంది. మీ అబ్బాయి సెలవుల్లో అడవి, జంతువులు చూద్దామని ఉత్తరం వైపు వెళ్లకుండా ఉంటే చాలు, ఆ మాట గట్టిగా చెప్పండి.

"ఆఫ్రికా" అనే మాటని ఒక ఊరి పేరులా వాడటం మన బంధువుల్లో చాలామందికి అలవాటు. అక్కడ యాభైకి పైగా దేశాలున్నాయి. బెనిన్ విస్తీర్ణం మన ఆంధ్రప్రదేశ్‌లో మూడింట రెండొంతుల కంటే కాస్త ఎక్కువ, జనం సుమారు కోటీ నలభై లక్షలు. రాజధాని పేరుకి పోర్టో నోవో, కానీ ప్రభుత్వం నడిచేది, రేవు, వ్యాపారం అంతా కోటోనులోనే. అధికార భాష ఫ్రెంచి, ఇళ్లలో ఫాన్, యోరుబా, బరిబా ఇంకా చాలా భాషలు. ఊళ్లో తిరగడానికి జెమిజాన్ అనే బైకు టాక్సీలుంటాయి, పసుపు చొక్కాలు వేసుకున్న కుర్రాళ్లు వెనకాల ఎక్కించుకుని తీసుకెళ్తారు. హెల్మెట్ ఇక్కడే కొనిపెట్టండి.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. ఆ కార్డు పారేయకుండా దాచుకోమనండి, లేకపోతే తిరిగొచ్చినప్పుడు మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. మలేరియా అక్కడ చాలా ఎక్కువ, దోమతెర సర్దండి, జ్వరం వస్తే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించుకోమనండి. నా లెక్కలో మీరు భయపడాల్సింది తుపాకుల కంటే దోమకీ, బైకుకీ.

తిండి సంగతి మీరు అడగలేదు, కానీ ఏ తల్లికైనా మనసులో ఉండే ప్రశ్న అదే కదా. మొక్కజొన్న పిండిని ఉడికించి మన సంకటిలా ముద్ద చేస్తారు, టమాటా, బెండకాయ, చేపల పులుసుతో తింటారు. పచ్చి మిరపకాయ నూరి పక్కన పెడతారు. మిరప వాళ్లదీ కాదు, మనదీ కాదు, అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో రెండు తీరాలకీ చేరింది. గుంటూరు పిల్లాడు ఆ కారానికి ఇబ్బంది పడడు. అన్నం బియ్యం ఎలాగూ మనవే. కోటోను టైము మనకంటే నాలుగున్నర గంటలు వెనక, మీరు రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే అక్కడ సాయంత్రం నాలుగున్నర, ఆఫీసులో ఉంటాడు, కాస్త ఆగి చేయండి.

పంపించండమ్మా.

కోటీ నలభై లక్షల మంది ఉన్న దేశం అన్ని లక్షల టన్నుల బియ్యం ఎలా తింటుంది? లెక్క కుదరడం లేదు. (రైస్ మిల్లు యజమాని, తెనాలి)

మీ లెక్క కరెక్టే సార్, వాళ్లు తినేది అందులో ఒక భాగమే. మిగతాది తూర్పు సరిహద్దు దాటి నైజీరియాలోకి పోతుంది. అక్కడ ఇరవై కోట్లకు పైగా జనం, లాగోస్ నగరం కోటోనుకి నూట ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. నైజీరియా తన రైతుల కోసమని రోడ్డు మార్గాన బియ్యం రాకుండా నిషేధం పెట్టుకుంది, సొంత రేవుల్లో పన్నులు ఎక్కువ వేసింది. దాంతో బియ్యం, సెకండ్ హ్యాండ్ కార్లు కోటోనులో దిగి రాత్రిపూట అడ్డదారుల్లో, పడవల్లో అటు చేరతాయి. తిరుగు దారిలో నైజీరియా పెట్రోలు ఇటు వస్తుంది, దాన్ని గాజు సీసాల్లో నింపి రోడ్డు పక్కన బల్లల మీద పెట్టి అమ్ముతారు, క్పాయో అంటారు. అది ప్రమాదం అని అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు, కానీ ఎన్నో కుటుంబాలకి అదే జీవనం.

ఇలా బతకడంలో ఉన్న బాధ ఏమిటంటే, తలుపు తాళం ఎప్పుడూ పక్కింటివాడి చేతిలో ఉంటుంది. 2019 ఆగస్టులో నైజీరియా ఒక్కసారిగా సరిహద్దు మూసేసి 2020 డిసెంబరు దాకా తెరవలేదు. బెనిన్‌లో టమాటా, అనాసపండు పండించిన రైతుల సరుకు లారీల్లోనే కుళ్లిపోయింది. 2023 మే నెలాఖరున నైజీరియా కొత్త అధ్యక్షుడు పెట్రోలు సబ్సిడీ తీసేస్తున్నాం అన్నాడు, కొద్ది రోజుల్లోనే కోటోనులో సీసా పెట్రోలు రేటు ఎగబాకి బైకు టాక్సీవాళ్ల కడుపు మీద కొట్టింది. అదే ఏడాది ఆగస్టులో మన ప్రభుత్వం ఉప్పుడు బియ్యం ఎగుమతి మీద 20 శాతం సుంకం వేసినప్పుడు మీ మిల్లుల్లో ఎంత గందరగోళమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ సెగ కోటోను రేవు హమాలీల దాకా వెళ్లింది. తెనాలికీ కోటోనుకీ మధ్య ఉన్న బంధం అంత దగ్గరిది, మనం గుర్తించకపోయినా.

బెనిన్ కంచు విగ్రహాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయని చదివాను. ఆ దేశం వాళ్లవేనా? (పోటీ పరీక్షల అభ్యర్థి, గవర్నర్‌పేట, విజయవాడ)

కాదు, పరీక్షలో ఈ తప్పు చేయకండి. ఆ విగ్రహాలు ఇప్పుడు నైజీరియాలో ఉన్న బెనిన్ నగరం రాజులవి, 1897లో బ్రిటిష్ సేనలు దోచుకెళ్లాయి. మనం మాట్లాడుకుంటున్న దేశం పాత పేరు దహోమే, 1975లో బెనిన్ అని మార్చుకున్నారు, ఆ తీరంలోని సముద్రాన్ని బెనిన్ అఖాతం అంటారు కాబట్టి. వాళ్లవి కూడా దోపిడీకి గురయ్యాయి, అవి ఫ్రాన్స్ పట్టుకెళ్లినవి, వాటిలో 26 వస్తువుల్ని 2021 నవంబరులో తిరిగిచ్చింది.

దహోమే రాజ్యంలో ఆడవాళ్ల సైన్యం ఉండేదట, నిజమా? మా పిల్లలకి చెప్పాలనుకుంటున్నాను. (స్కూలు టీచరు, మంగళగిరి)

నిజం టీచరు గారూ. వాళ్ల పేరు అగోజీ. అబోమే రాజధానిగా ఉన్న దహోమే రాజ్యంలో, ముఖ్యంగా 19వ శతాబ్దంలో గెజో రాజు కాలంలో ఆ దళాలు బాగా పెరిగాయి. 1890లోనూ 1892లోనూ ఫ్రెంచి సేనల మీద చావుకి వెనకాడకుండా పోరాడారని, వాళ్లతో యుద్ధం చేసిన ఫ్రెంచివాళ్లే రాసుకున్నారు. చివరి స్వతంత్ర రాజు బెహాంజిన్ 1894లో లొంగిపోయాడు, అతన్ని అట్లాంటిక్ అవతల మార్టినీక్ దీవికి పంపించేశారు, 1906లో అల్జీర్స్‌లో చనిపోయాడు, సొంత ఊరు మళ్లీ చూడలేదు. మన యానాం మీద ఎగిరిన ఫ్రెంచి జెండాయే ఆ తర్వాత దహోమే మీద 1960 ఆగస్టు 1 దాకా ఎగిరింది. 2022లో కోటోనులో 30 మీటర్ల ఎత్తున అగోజీ విగ్రహం నిలబెట్టారు.

కానీ పిల్లలకి సగం కథ చెప్పొద్దని నా విన్నపం. అదే దహోమే రాజులు 1727లో వీదా అనే రేవు పట్టణాన్ని పట్టుకుని, చుట్టుపక్కల రాజ్యాల మీద దాడులు చేసి, పట్టుకున్న మనుషుల్ని యూరపు వర్తకులకి అమ్మారు. ఆ దాడుల్లో అగోజీలు కూడా ఉన్నారు. వీదా నుంచి సుమారు పది లక్షల మందిని గొలుసులు వేసి ఓడలెక్కించారని చరిత్రకారుల అంచనా. ఇప్పుడు ఆ సముద్రం ఒడ్డున 'తిరిగిరాని ద్వారం' అని ఒక పెద్ద కమాను కట్టారు. ఇవాళ మన బియ్యం బస్తాలు దిగే తీరం అదే, వీదా కోటోనుకి నలభై కిలోమీటర్లే. అమ్మినవాళ్ల వారసులు, అమ్ముడుపోయినవాళ్ల బంధువులు ఈరోజుకీ అక్కడ ఒకే ఊళ్లలో పక్కపక్కన ఉంటున్నారు. ఎనిమిదో తరగతి పిల్లలు ఈ మాట అర్థం చేసుకోగలరు, వాళ్లని తక్కువ అంచనా వేయకండి.

వూడూ అంటే చేతబడేనా? (పేరు వద్దన్న పాఠకుడు, పటమట)

కాదండీ. వోడూన్ అనేది అక్కడ పుట్టిన మతం, ఆ మాటకి దేవత, శక్తి అని అర్థం. భూమికి, సముద్రానికి, పిడుగుకి దేవతలున్నారు, ఊరూరా గుళ్లు, పూనకాలు, జాతర్లు ఉన్నాయి. మన ఊళ్లలో పోలేరమ్మ కొలుపులు చూసినవాళ్లకి వింతగా అనిపించదు. వీదాలో కొండచిలువల గుడి ఉంది, దానికి ఎదురుగా పెద్ద చర్చి. జనవరిలో వచ్చే వోడూన్ పండుగకి దేశమంతా సెలవు. బానిసలుగా వెళ్లినవాళ్లతో ఈ మతం హైతీ దాకా వెళ్లింది, బయటివాళ్లు దాన్నే చేతబడి అని ప్రచారం చేశారు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. వీదా చుట్టుపక్కల వోడూన్ గుళ్లలో మన హిందూ దేవతల క్యాలెండర్ పటాలు కనిపిస్తాయి. వ్యాపారుల ద్వారా వెళ్లిన ఆ పటాల్లో తమ దేవతల్ని వాళ్లు గుర్తుపట్టారు. డెన్సు అనే నీటి దేవతకి మూడు తలలు, అందుకని మన దత్తాత్రేయుడి పటమే ఆయన రూపమైంది.

అక్కడ ప్రజాస్వామ్యం ఉందా, లేదా? సూటిగా చెప్పండి. (రిటైర్డ్ లెక్చరర్, అరండల్‌పేట)

సూటిగా అంటే ఒక్క మాటలో కుదరదు మాస్టారూ, కథ చెబుతాను. స్వాతంత్ర్యం వచ్చాక పన్నెండేళ్లలో ఎన్నో తిరుగుబాట్లు జరిగాయి, చివరికి 1970లో ముగ్గురు నాయకులు రెండేళ్లకొకరు చొప్పున వంతులవారీగా ఏలుకుందామని ఒప్పందం చేసుకున్నారు. రెండో వంతు నడుస్తుండగానే, 1972 అక్టోబరులో మత్యూ కెరెకు అనే మేజర్ అధికారం లాక్కున్నాడు, తర్వాత దేశాన్ని మార్క్సిస్టు రాజ్యం అని ప్రకటించాడు. 1989 వచ్చేసరికి బ్యాంకులు కుప్పకూలాయి, ఉద్యోగులకి నెలల తరబడి జీతాల్లేవు, విద్యార్థులు, టీచర్లు రోడ్డెక్కారు. 1990 ఫిబ్రవరిలో కోటోనులోని ఒక హోటల్లో జాతీయ సమావేశం పెట్టారు. రైతులు, యూనియన్లు, మత పెద్దలు, పాత అధ్యక్షులు, విదేశాల్లో ఉన్నవాళ్లు, దాదాపు అయిదొందల మంది, ఆర్చిబిషప్ ఇసిదోర్ ద సూజా అధ్యక్షత. కెరెకు దాన్ని సలహాల సమావేశం అనుకున్నాడు, వచ్చినవాళ్లు మాత్రం మా నిర్ణయమే చట్టం అన్నారు. చేతిలో సైన్యం ఉన్న మనిషి ఆ మాటకి ఒప్పుకున్నాడు. 1991లో ఎన్నికలు జరిగాయి, నిసెఫోర్ సోగ్లో చేతిలో ఓడిపోయాడు, ఇంటికి వెళ్లిపోయాడు, 1996లో మళ్లీ ఓట్లతోనే గెలిచి వచ్చాడు. రక్తం చిందకుండా జరిగిన ఆ పని చూసి చుట్టుపక్కల ఫ్రెంచి మాట్లాడే దేశాలు ఇలాంటి సమావేశాలే పెట్టాయి.

అంత మంచి పేరు తెచ్చుకున్న దేశంలో తర్వాత జరిగింది నాకు బాధ కలిగిస్తుంది. 2016లో పత్తి వ్యాపారంలో కోట్లు గడించిన పత్రీస్ తలోన్ అధ్యక్షుడయ్యాడు. రోడ్లు, రేవు, పరిశ్రమలు బాగుపడ్డాయి, అది ఒప్పుకోవాలి. కానీ 2019 పార్లమెంటు ఎన్నికల్లో ప్రతిపక్ష పార్టీ ఒక్కటి కూడా పోటీలో లేదు, కొత్త నిబంధనలతో బయట ఉంచేశారు, ప్రతి నలుగురు ఓటర్లలో ముగ్గురి దాకా గడప దాటలేదు. 2021 ఎన్నికల్లో అధ్యక్ష పదవికి ప్రతిపక్షం ఎంచుకున్న రెకియా మదూగూకి అదే ఏడాది 20 ఏళ్ల జైలుశిక్ష వేశారు. ఎన్నికలు ఉన్నాయి, ఎదుటివాడిని బరిలోకి రానివ్వడం తగ్గింది. రోడ్లు వేసినందుకు ఇది చెల్లుబాటవుతుందని నేను అనుకోను.

పచ్చి జీడిగింజలు బెనిన్ నుంచి ఆగిపోయాయి. మా ఫ్యాక్టరీలో ఆడవాళ్లకి పని తగ్గింది. మళ్లీ వస్తాయా? (జీడిపప్పు వ్యాపారి, వేటపాలెం)

2024 ఏప్రిల్ నుంచి పచ్చి గింజల ఎగుమతి ఆపేశారు. కోటోనుకి ఉత్తరాన గ్లో-జిగ్బే అనే పారిశ్రామిక వాడ కట్టి, జీడిపప్పు అక్కడే ఒలవాలి, పత్తి అక్కడే బట్ట కావాలి అని వాళ్ల పట్టుదల. పత్తిలో వాళ్లు ఆఫ్రికాలో ముందు వరసలో ఉన్నారు, 2020-21లో ఏడు లక్షల టన్నులు దాటించారు, కానీ దాదాపు అంతా దూదిగానే బంగ్లాదేశ్ లాంటి చోట్లకి పోయేది. మీ నష్టం నాకు అర్థమవుతుంది. అయితే గుంటూరు జిల్లాలో పత్తి పండించి, బట్ట లాభం ఎక్కడివాళ్లో తింటుంటే చూసిన కుటుంబం నుంచి వచ్చినదాన్ని నేను, వాళ్లది తప్పు అనలేను. ప్రస్తుతానికి వెనక్కి తగ్గే సూచన కనపడటం లేదు. ఐవరీ కోస్ట్, గినియా బిసావ్ వ్యాపారులతో మాట్లాడటం మొదలుపెట్టండి, ఆలస్యం చేయకండి.

అక్కడివాళ్లని పలకరించాలంటే ఒక మాట నేర్పుతారా? (ఇంటర్ విద్యార్థిని, బెంజ్ సర్కిల్, విజయవాడ)

ఫ్రెంచి అయితే పుస్తకాల్లో దొరుకుతుంది తల్లీ, ఫాన్ భాషలో చెబుతాను. వచ్చినవాళ్లని "క్వాబో" అంటారు, రండి రండి అన్నట్టు. పొద్దున్నే కనిపిస్తే "ఆ ఫాన్ గాన్జి ఆ?" అంటారు, బాగా నిద్ర లేచావా అని. బ్రాడీపేట అమ్మగారూ, ఈ రెండూ మీ అబ్బాయికి కూడా నేర్పించండి.