యంత్రాలు – సందేహాలు: మే నెలలో బాగున్న జెట్‌స్కీ జనవరిలో ఎందుకు పట్టేసింది?

ప్రశ్న: మేము నలుగురు మిత్రులం కలిసి నిలబడి నడిపే పాత జెట్‌స్కీ ఒకటి కొన్నాము. దానిది 701 సీసీ, రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు గల టూ-స్ట్రోక్ ఇంజిన్. గత మే నెలలో హైదరాబాద్‌లోనే, చాలా అనుభవం ఉన్న ఒక బైక్ మెకానిక్ గారి చేత కార్బురేటర్లు ట్యూన్ చేయించాము. పొగ పోయింది, పికప్ అద్భుతంగా ఉండేది. జనవరిలో విశాఖపట్నం తీసుకువెళ్లి ఉదయం పూట సముద్రంలో నడిపితే ఇరవై నిమిషాలకే ఇంజిన్ పట్టేసింది. విప్పి చూస్తే రెండు పిస్టన్లూ ఎగ్జాస్ట్ వైపున గీరుకుపోయి ఉన్నాయి. ఆయిల్ తక్కువైందని మెకానిక్ గారు అంటున్నారు. మేము లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల చొప్పున కొలిచే కలిపాము. తప్పు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకుడు, సైనిక్‌పురి, హైదరాబాద్

జవాబు: మీరు కలిపిన పాళ్లు సరైనవే. ఆయిల్ అందక పట్టేసిన పిస్టన్‌కు గీతలు సాధారణంగా ఇన్‌టేక్ వైపునో చుట్టూతానో పడతాయి. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైన పలచని మిశ్రమంతో నడిచినప్పుడు మాత్రం, అన్నిటికంటే ఎక్కువ వేడిని మోసే ఎగ్జాస్ట్ వైపే ముందుగా దెబ్బతింటుంది. రెండు పిస్టన్లూ ఒకే తీరుగా పోయాయంటే, ఏదో ఒక కార్బురేటర్లో చెత్త అడ్డుపడటం కాక మొత్తం సెట్టింగే పలచగా ఉందని నా అభిప్రాయం.

హుస్సేన్ సాగర్ పూర్తి నీటిమట్టమే సముద్రమట్టానికి 513.41 మీటర్ల ఎత్తున ఉంది. ఈ ఎత్తులో గాలి పీడనం తీరంలో కంటే సుమారు 6 శాతం తక్కువ. ఎత్తు సంగతి చాలామందికి తెలుసు కానీ, ఉష్ణోగ్రత దానికి ఏమాత్రం తీసిపోదని గమనించరు. 40 డిగ్రీల మే నెల మధ్యాహ్నపు గాలితో పోలిస్తే 18 డిగ్రీల జనవరి ఉదయపు గాలి 7 శాతానికి పైగా చిక్కన. రెండూ కలిపితే, ఇక్కడి వేసవి మధ్యాహ్నం పీల్చిన గాలి కంటే అక్కడి చలికాలపు ఉదయం మీ ఇంజిన్ పీల్చిన గాలి దాదాపు 14 శాతం ఎక్కువ బరువైనది. కార్బురేటర్ గుండా వచ్చే పెట్రోలు కూడా కొంత పెరుగుతుంది కానీ, గాలి పెరిగిన దానిలో సుమారు సగం మేరకే పెరుగుతుంది కనుక మిశ్రమం పలచబడింది. పైగా ఇక్కడి చెరువులో పూర్తి రేసు కొన్ని సెకన్ల కంటే ఇవ్వలేము, సముద్రంలో అడ్డూ ఆపూ లేకుండా నిమిషాల తరబడి ఇవ్వగలము. పొగ పూర్తిగా పోయి పికప్ అద్భుతంగా ఉందని మీరు రాసిన వాక్యం చదివినప్పుడే నాకు భయం వేసింది. టూ-స్ట్రోక్ ఇంజిన్ కరిగిపోయే హద్దుకు కాస్త ఇవతలే అత్యంత చురుకుగా ఉంటుంది.

ఇంకొక అనుమానం కూడా చెప్పాలి. ఆర్‌ఎక్స్ 100 వంటి బండ్ల మీద చేయి తిరిగిన మెకానిక్‌లు మన నగరంలో ఎందరో ఉన్నారు, వారి పనితనం మీద నాకు గౌరవం ఉంది. ఆ బండి కార్బురేటర్లో ఉండేది గాలిని నియంత్రించే ఎయిర్ స్క్రూ, దాన్ని బిగిస్తే మిశ్రమం చిక్కబడుతుంది, వదులు చేస్తే పలచబడుతుంది. జెట్‌స్కీలకు వాడే మికుని, కీహిన్ కంపెనీల డయాఫ్రమ్ (పలుచని సాగే పొర) కార్బురేటర్ల స్క్రూలు పెట్రోలును నియంత్రిస్తాయి కనుక వాటిని బిగిస్తేనే పలచబడుతుంది. పాత అలవాటుతో చిక్కన చేస్తున్నానని భావించి ఆయన పలచన చేసి ఉండవచ్చు. ఆయనతో కూర్చుని మర్యాదగా ఈ సంగతి మాట్లాడండి.

ఇప్పుడు పిస్టన్లు మార్చాక ఏం చేయాలో వివరంగా రాస్తాను. జెట్‌స్కీ పక్కకు ఒరుగుతుంది, ఒక్కోసారి తిరగబడుతుంది కాబట్టి దాని కార్బురేటర్లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె ఉండదు. క్రాంక్‌కేసులోని (పిస్టన్ల కింది మూసి ఉండే గది) పీడనపు హెచ్చుతగ్గులు సన్నని పల్స్ గొట్టం గుండా వచ్చి ఒక డయాఫ్రమ్‌ను ఆడించి పెట్రోలును పంపు చేస్తాయి, మరొక డయాఫ్రమ్ ఒక చిన్న మీట ద్వారా నీడిల్‌ను సీటు మీది నుంచి లేపి పెట్రోలును లోపలికి వదులుతుంది. కాబట్టి క్రాంక్‌కేసు ఎక్కడైనా గాలి లీకైతే, పల్స్ గొట్టం చిట్లితే, ఫిల్టరు మూసుకుంటే, ఏ స్క్రూ తిప్పినా ప్రయోజనం ఉండదు. ముందుగా ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ ద్వారాలను మూసి, చేతిపంపుతో క్రాంక్‌కేసులోకి కొద్దిపాటి పీడనం ఎక్కించి అది నిలుస్తుందో లేదో చూడండి, పంక్చర్ షాపులో చేసినట్టు అతుకుల మీదా ఆయిల్ సీళ్ల దగ్గరా సబ్బునీళ్లు పూసి బుడగలు వెతకండి. రేసు వదిలాక ఇంజిన్ వెంటనే స్లోకు దిగకుండా కాసేపు పైనే వేలాడుతుంటే గాలి లీకునే మొదట అనుమానించాలి.

లీకులు లేవని తేలాకే ట్యూనింగ్. నీడిల్ ఎంత పీడనం దగ్గర తెరుచుకుంటుందో చూపే పాప్-ఆఫ్ గేజితో రెండు కార్బురేటర్లనూ పరీక్షించి, రెండింటి అంకెలూ సమానంగా, తయారీదారు మాన్యువల్లో చెప్పిన పరిధిలో ఉండేటట్టు మీటకింది స్ప్రింగును మార్చండి. ఆ పీడనం ఎక్కువైతే రేసు ఇచ్చిన తొలి క్షణంలో ఇంజిన్ చప్పబడుతుంది. తరువాత లో-స్పీడ్ స్క్రూ, ఆ తరువాతే పెద్ద జెట్టు (పెట్రోలును కొలిచి వదిలే రంధ్రం ఉన్న చిన్న ముక్క), హై-స్పీడ్ స్క్రూ. ఈ వరుస తప్పితే కిందిస్థాయి లోపాన్ని పైస్థాయి స్క్రూతో కప్పిపుచ్చడం అవుతుంది. పెద్ద జెట్టును ఒకటి రెండు సైజులు పెద్దదిగా వేసి, కాస్త పొగ వస్తూ ఇంజిన్ బరువుగా నడిచే చిక్కదనం నుంచి మొదలుపెట్టి, హై-స్పీడ్ స్క్రూను ప్రతిసారీ ఎనిమిదో వంతు చుట్టు చొప్పున మాత్రమే బిగిస్తూ రండి. పూర్తి రేసులో ఒక్క క్షణం చోక్ కొద్దిగా లాగితే వేగం పెరిగిందా, మిశ్రమం పలచగా ఉందన్నమాట, వెంటనే ఆపి చిక్కన చేయాలి. ఇంజిన్ గునిసి వేగం తగ్గితే ప్రమాదం లేదు. స్పార్క్ ప్లగ్ రంగును మాత్రమే నమ్మవద్దు. హెడ్ విప్పి పిస్టన్ తలను చూస్తే, లోపలికి వచ్చే మిశ్రమం కడిగిన శుభ్రమైన మచ్చలు అంచుల్లో కనిపించాలి. అవి అసలే లేకపోతే పలచన. మీ యంత్రం ఊళ్లు మారుతుంది కనుక హైదరాబాద్ సెట్టింగును, విశాఖ సెట్టింగును, ఆనాటి ఉష్ణోగ్రతతో సహా ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.

ప్రశ్న: ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో పాత కార్బురేటర్ జెట్‌స్కీ నడపవచ్చునా?
– మరొక పాఠకుడు, మియాపూర్

జవాబు: జెట్టు మార్చకుండా నడపవద్దు. ఒక కిలో మామూలు పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. 20 శాతం కలిపితే ఆ అంకె 13.5 దరిదాపులకు దిగుతుంది, అంటే అదే గాలికి సుమారు 9 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. పాత జెట్టు దాన్ని ఇవ్వలేదు. రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు పాతవైతే ఉబ్బుతాయి, గట్టిబడతాయి, వాటినీ కొత్తవి వేయండి. ఇథనాల్ తేమను పీలుస్తుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో నిల్వ ఉంచకండి.

ప్రశ్న: షెడ్డులోనే, నీటి పైపు తగిలించి, కార్బురేటర్ ట్యూన్ చేసుకోవచ్చునా?
– ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: స్లో మాత్రమే సరిచూసుకోవచ్చు. నీటిని నెట్టే బరువు ఇంపెల్లర్ (జెట్‌స్కీని నడిపే రెక్కల చక్రం) మీద లేనప్పుడు పెద్ద రేసులో కనిపించేది నిజమైన ప్రవర్తన కాదు, పైగా అదుపు తప్పి వేగం పెరిగిపోతుంది. పైపు తగిలించినా ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి తరువాత నీళ్లు వదలాలి, ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టి తరువాత ఇంజిన్ ఆపాలి. వరుస మారితే నీరు ఎగ్జాస్ట్ గుండా సిలిండర్లోకి చేరుతుంది. నీళ్లు లేకుండా 15 సెకన్లకు మించి నడపకండి.