చారిత్రక నవలకి ఐడియా మ్యూజియంలో దొరుకుతుందా? నాకు ఒక కుండ బొమ్మ దగ్గర దొరికింది

"చారిత్రక నవల రాద్దామని ఉంది, పాత వస్తువులు చూస్తే ఐడియాలు వస్తాయంటారు, రెండు మ్యూజియాలు తిరిగినా నాకేం రాలేదు, ఎలా చూడాలి?" అని అడిగారు కదా. నేను పెద్ద రచయితనేం కాదండి, గుంటూరు దగ్గర మోటార్ వైండింగ్ షాపు నాది. రాత్రిళ్ళు షట్టర్ దించాక కథలు రాస్తుంటా, ఇప్పటికి ఆరు అచ్చయ్యాయి, అందులో నాలుగు పాతకాలం కథలే. అయినా ఈ ఒక్క విషయంలో నా మాట నమ్మండి: మీరు రాజుగారి కత్తి ముందు నిలబడి ఉంటారు, అందుకే ఏమీ రాలేదు. కత్తి గురించి రాజుగారి ఆస్థాన కవి ఎప్పుడో రాసేశాడు, మనకి మిగిల్చిందేం లేదు.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంకి వెళ్ళి ఒక గంట ఊరికే నిలబడి చూడండి, వచ్చినవాళ్ళలో ముప్పాతిక మంది "మమ్మీ ఎక్కడ" అనే అడుగుతారు. ఈజిప్టు నుంచి తెచ్చిన ఆ ఒక్క శవాన్ని చూసేసి బయటికొచ్చి సోడా తాగి పోతారు. మన నేలలో దొరికిన సీసపు నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు మాత్రం దిక్కులేనివాళ్ళలా అట్లా చూస్తూ ఉంటాయి. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో తవ్వితే ఒక కుండ బయటపడింది, మూతికి ఇంకో మట్టిపాత్ర బోర్లించి ఉంది, లోపల 3,730 సీసపు నాణేలు. శాతవాహనుల తర్వాత ఇక్కడ ఏలిన ఇక్ష్వాకుల కాలంవన్నారు. అన్ని నాణేలు కూడబెట్టి, జాగ్రత్తగా మూతపెట్టి పాతిపెట్టినవాడు మళ్ళీ వచ్చి ఎందుకు తీసుకోలేదు? చచ్చిపోయాడా, చోటు మర్చిపోయాడా, పెళ్ళానికి కూడా చెప్పలేదా? ఇంతకంటే పెద్ద ఐడియా ఇంకేం కావాలండి మీకు, నాకు టైం లేక ఆగిపోయా గానీ.

సరే నా సంగతి చెప్తా. ఆరేళ్ళ కిందట మా నాన్నకి కంట్లో శుక్లాలని చెన్నై తీసుకెళ్ళా. నాన్న రిటైర్డ్ తెలుగు మాస్టారు. హాస్పిటల్లో కళ్ళలో చుక్కలు వేసి చూసి, మిషన్ ఏదో పనిచెయ్యట్లేదు మూడు గంటలాగి రమ్మన్నారు (ఏ హాస్పిటలో వద్దులెండి). బయట ఎండ, ఆ చుక్కలతో ఆయన కళ్ళు తెరవలేకపోతున్నాడు, నీడగా ఎక్కడైనా కూర్చోబెడదామని దగ్గర్లో ఉన్న ఎగ్మోర్ మ్యూజియంకి తీసుకుపోయా. అమరావతి శిల్పాల గ్యాలరీ అక్కడుందని నాకు తెలుసు, నిజం చెప్పాలంటే నా స్వార్థం కూడా అందులో సగం ఉంది.

మా ప్రాంతం రాళ్ళు చెన్నైలో ఏం చేస్తున్నాయంటే అదొక పెద్ద కథ. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతికి మకాం మార్చినప్పుడు కట్టడాల కోసం దీపాలదిన్నె, అంటే పాత బౌద్ధ స్తూపం కూరుకుపోయిన దిబ్బ, తవ్వుతుంటే ఈ రాళ్ళు బయటపడ్డాయి, అది విని 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు, 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకి పంపాడు, అందులో కొన్ని ఓడెక్కి లండన్ పోయాయి. మిగిలినవాటిని మద్రాసులో ఒకప్పుడు సిమెంటు పెట్టి గోడల్లోకి బిగించేశారు. గైడ్లు పాలరాయి పాలరాయి అంటుంటారు, అది పాలరాయి కాదండి, పల్నాటి సున్నపురాయి. అందుకే ఎన్నో పలకలు బట్టీలో కాలి సున్నమై ఎవరిళ్ళ గోడలకో వెల్లగా పోయాయి. తల్చుకుంటే కడుపు రగిలిపోతుంది.

నాన్నని ఒక పూర్ణఘటం పలక ముందు కూర్చోబెట్టా. నిండు కుండ, మూతిలోంచి తామరలు పైకి తన్నుకొస్తున్నట్టు ఉంటుంది. ఆయనకి కళ్ళు మసక, ఏదో తెల్లగా ఉంది అంతవరకే తెలుస్తోంది, చెయ్యి చాపి తడమబోతే గార్డు "తొడాదీంగ సార్" అని వచ్చాడు, అదీ న్యాయమే లెండి. "ఏందిరా అది, చెప్పు" అన్నాడు నాన్న. కుండ అని చెప్పా. "కుండ చూడ్డానికి ఇంతదూరం రావాల్నా" అన్నాడు.

నా ఫోన్లో అమరావతి శాసనాల పీడీఎఫ్ ఉంది, ఊరుకోబుద్ధి కాక అందులో ఇలాంటి పలక ఇచ్చినవాడి శాసనం వెతికి తెలుగులో చెప్పా. భాష ప్రాకృతం. విధికుడు అనే చమకారుడు, అంటే చర్మకారుడు, తోలుపనివాడు, ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు, తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్ళతో, జ్ఞాతులు మిత్రులు బంధువులతో కలిసి ఇచ్చిన పూర్ణఘటపు పలక. అంతే శాసనం.

నాన్న కళ్ళు మూసుకునే విన్నాడు. "శుభలేఖ లాగుందే, బంధుమిత్ర సపరివారంగా" అన్నాడు. కాసేపాగి, "తాత పేరు మనవడికి పెట్టుకున్నాడు చూశావా, మన మాదిరే" అన్నాడు.

నేను ఆ శాసనం అంతకుముందు ఇరవై సార్లు చదివుంటా అండి. తండ్రి నాగుడు, కొడుకు నాగుడు, నా కంటికి ఆనలేదు. చూపు ఆనని మనిషి పట్టుకున్నాడు. అప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది, ఎందుకంటే రెండో సంగతి కూడా అప్పుడే తగిలింది: ఉపాధ్యాయుడి కొడుకు తోలుపని ఎందుకు చేస్తున్నాడు? మధ్యలో ఏం జరిగింది? ఆయన పేరు బిడ్డకి పెట్టుకున్నాడంటే తండ్రంటే కోపం లేదు. పోనీ కోపం పోయాక పెట్టుకున్నాడా?

మీరు అడిగినదానికి జవాబు ఇదే. వస్తువు అందంగా ఉందా లేదా చూడకండి, దాని వెనక ఎవరున్నారో, అందులో ఏది చెప్పకుండా వదిలేశారో చూడండి. ఆ శాసనంలో తల్లికి పేరు లేదు, భార్యకి లేదు, కూతుళ్ళు ఎంతమందో లేదు. ఆ ఖాళీలన్నీ మన కోసం వదిలినవే. నేను భార్యకి బోధిసిరి అని పెట్టా, ఆ పేరు నాగార్జునకొండ శాసనంలో ఒక ఉపాసికది, అంటే బౌద్ధ భక్తురాలిది, అరువు తెచ్చుకున్నా.

ఇంకో మాట, 2018లో ఆంధ్రప్రదేశ్ రాజముద్ర మార్చినప్పుడు అందులో పెట్టింది ఈ విధికుడి పూర్ణఘటాన్నే. ప్రతి సర్కారు కాగితం మీదా ఉంటుంది, నా షాపు లైసెన్సు మీద కూడా ఉంది. ఒక తోలుపనివాడు ఇచ్చిన కుండ అని ఎంతమందికి తెలుసో ఆ కౌంటర్లో ఉన్నవాళ్ళనే అడిగి చూడండి.

కథ రాయడం మొదలుపెట్టాక తిప్పలు వేరు. మా ఊరి దగ్గర ఇదివరకు తోళ్ళు ఊరబెట్టిన పెద్దాయన ఉంటే రెండు రోజులు ఆయన దగ్గర కూర్చున్నా. ముందు సున్నం నీళ్ళలో నానబెడితే వెంట్రుకలు ఊడతాయి, తర్వాత తంగేడు పట్టలో ఊరబెట్టాలి అని చెప్పాడు. సున్నం అనగానే పలకా సున్నపురాయే కదా అని తట్టింది, విధికుడి చేతులు జీవితమంతా సున్నంలోనే కాలాయి, చివరికి స్తూపానికిచ్చిందీ సున్నపురాయే. రెండు వేల ఏళ్ళ కిందట కూడా ఇట్లాగే చేసుంటారని నేను ఫిక్సైపోయా, కాదనేవాళ్ళు ఉంటే రండి మాట్లాడుకుందాం.

కానీ పరువు పోయింది మాత్రం పచ్చడి దగ్గర. బోధిసిరి రోట్లో పండుమిరపకాయలు నూరుతున్నట్టు రాశా. అచ్చయ్యాక ఒకాయన ఉత్తరం రాశాడు, మిరపకాయ పోర్చుగీసువాళ్ళతో వచ్చిందయ్యా, 16వ శతాబ్దం, అమరావతి స్తూపం నాటికి మీ గుంటూరులో కారం లేదు అని. గుంటూరోణ్ణి నేను, కారం లేని అన్నం నా బుర్రకెక్కుతుందా? ఇప్పుడు మిరియాలు చేసేశా. టమాటా, వేరుశెనగ, బంగాళాదుంప కూడా అంతే, ఒక లిస్టు గోడకి అంటించుకోండి. ఇంకా ఆ "ఏమంటివి, వచ్చితివా" భాష మానెయ్యండి దయచేసి, వాళ్ళు శాసనాలు రాసింది ప్రాకృతంలో, మన గ్రాంథికానికీ వాళ్ళకీ సంబంధమే లేదు, మరి ఇంట్లో మాట్లాడినట్టు రాస్తే తప్పేంటి?

ఆ కథ అచ్చేసిన పత్రిక కంటే ముందు ఇంకో వారపత్రికకి పంపా. రాజు లేడు, యుద్ధం లేదు, చారిత్రకం ఎలా అవుతుంది అని తిప్పి పంపారు. పోనీ అనుకున్నా.

ఆపరేషన్ అయ్యి చూపొచ్చాక నాన్న చదివాడు. రెండుసార్లు చదివాడు. బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. "కొడుకు తోలుపనికి పోతానన్న రోజు ఆ మాస్టారు ఏమన్నాడో రాయలేదేందిరా?" అని అడిగాడు. నేను డిగ్రీ మధ్యలో ఆపేసి వైండింగ్ నేర్చుకుంటానన్న రోజు ఆయన ఏమన్నాడో మా ఇద్దరికీ గుర్తే. అందుకే దాన్నిప్పుడు నవలగా పెంచుతున్నా, ఆ ఒక్క సీను మాత్రం ఇప్పటికి నాలుగుసార్లు రాసి కొట్టేశా.