నూనె, తేనె, పాలు: మిల్లీలీటర్లను గ్రాముల్లోకి ఎలా మార్చాలి?

వంటకంలో కొలతలన్నీ మిల్లీలీటర్లలో ఉన్నాయి, ఇంట్లో ఉన్నదేమో తూకం మిషన్ ఒక్కటే, ఏం చేయాలని అడిగారు. మిల్లీలీటర్లను ఆ పదార్థం సాంద్రతతో, అంటే ఒక మి.లీ. ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకెతో, గుణిస్తే గ్రాములు వస్తాయి. నీళ్లకు 1, పాలకు 1.03, నూనెకు, కరిగిన నెయ్యికి సుమారు 0.91, తేనెకు 1.4.

నీళ్లు, పాల విషయంలో లెక్కే అక్కర్లేదు, 200 మి.లీ. అంటే 200 గ్రాములు వేసేయండి. తేనెతోనే జాగ్రత్త. 100 మి.లీ. తేనె 140 గ్రాములు తూగుతుంది. 100 గ్రాములే పోస్తే మూడో వంతుకు దగ్గరగా తగ్గిపోతుంది.

నూనె దీనికి వ్యతిరేకం. ఆవకాయకు పెద్దవాళ్లు "కిలో నూనె" అంటే మనం లీటరు ప్యాకెట్ తెస్తాం. ఆ ప్యాకెట్ మీద చూడండి, లీటరు పక్కనే 910 గ్రాములు అని ఉంటుంది. అంటే 90 గ్రాములు తక్కువ. ముక్క మీద నూనె తేలాల్సిన పచ్చడికి ఇది చిన్న తేడా కాదు, ఇంకో వంద మి.లీ. కలపాల్సిందే. వేడెక్కితే నూనె వ్యాకోచిస్తుంది కాబట్టి ఎండాకాలంలో లీటరు ఇంకాస్త తేలిక. తూచిన కిలో మాత్రం ఎప్పుడూ కిలోయే, అందుకే నేను నూనెను తూచే పోస్తాను.

గిన్నె మిషన్ మీద పెట్టి, సున్నా చేసి పోయండి. కొన్ని మిషన్లలో మి.లీ. బటన్ ఉంటుంది, అది చాలావరకు నీళ్ల లెక్కే. నూనెకు, తేనెకు దాన్ని నమ్మొద్దు.