నడకకు ముందు నొప్పి బిళ్ల వేసుకుంటున్నారా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మాది రాజోలు దగ్గర పల్లె. బీపీకి టెల్మిసార్టన్, షుగర్‌కి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన బిళ్ల వాడుతున్నాను. రోజూ నడవమన్నారు. వానలకి కాలువ గట్టంతా బురద, రోడ్డెక్కితే లారీలు, కుక్కలు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చిన బిళ్ల వేసుకుంటేనే నడవగలుగుతున్నాను. ఈమధ్య సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. ట్రెడ్‌మిల్ కొందామని మావారు అంటున్నారు. కొనమంటారా? - ఓ పాఠకురాలు

జవాబు: ట్రెడ్‌మిల్ సంగతి తర్వాత చూద్దాం అమ్మా. ముందు ఆ నొప్పి బిళ్ల ఆపండి.

దాని పేరు మీరు రాయలేదు. మోకాళ్ల నొప్పి అనగానే షాపుల్లో చేతిలో పెట్టేవి ఎక్కువగా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి. వాటితో నొప్పి తగ్గుతుంది, నిజమే. కానీ రోజూ వేసుకుంటే కిడ్నీలకు వెళ్లే రక్తం తగ్గొచ్చు, ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, బీపీ పెరుగుతుంది, కడుపులో పుండ్లు పడొచ్చు. టెల్మిసార్టన్‌తో కలిస్తే కిడ్నీలకు ముప్పు ఇంకా ఎక్కువ. షుగర్ వల్ల వాటికి అసలే ప్రమాదం ఉంది.

మీ పాదాల వాపు ఆ బిళ్ల వల్లేనని చూడకుండా చెప్పలేను. గుండె, కిడ్నీ, లివర్, కాళ్ల సిరలు, ఏదైనా కారణం కావచ్చు. ఈ వారంలోనే మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బీపీ, కిడ్నీల పనితీరు తెలియడానికి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్, గుండెకు ఈసీజీ చూడమని అడగండి. ఆ బిళ్లల షీటు కూడా వెంట తీసుకెళ్లండి. బీపీ, షుగర్ మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు. నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టున్నా, ఆయాసం వచ్చినా, ఒక్క కాలే వాచి నొప్పి పుట్టినా వారం దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఊడ్పులయ్యాక వెళ్దాం, పండగయ్యాక వెళ్దాం అని వాయిదా వేసి, కిడ్నీలు బాగా దెబ్బతిన్నాక వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను. ఆ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. మీరు చదువుకున్నవారిలా రాశారు, మీరు కూడా షాపువాళ్లు ఇచ్చిందే వేసుకుంటే ఎలా అమ్మా?

ఇక కదలిక. నడిస్తే మోకాళ్లు ఇంకా అరిగిపోతాయని చాలామంది భయపడి కూర్చుండిపోతారు. మోకీళ్ల అరుగుదలకు తగిన వ్యాయామం కూడా చికిత్సే. తొడ కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు చాపి, కాసేపు ఆపి, దించండి. నొప్పి పెరిగితే ఆపేయండి. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అదంతా ఒకే దఫా కానక్కర్లేదు. డాక్టర్ సరేనన్నాక వసారాలోనో హాల్లోనో పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలతో మొదలుపెట్టండి. మీరు వాడే గ్లిమిపిరైడ్‌తో షుగర్ మరీ పడిపోవచ్చు కాబట్టి పరగడుపున నడవొద్దు. వణుకు, చెమట, కళ్లు తిరగడం ఉంటే వెంటనే పంచదార నీళ్లు తాగి కూర్చోండి. మన ఉక్కపోతలో చెమట మామూలే అనుకుని షుగర్ పడిపోవడాన్ని గుర్తించరు.

ట్రెడ్‌మిల్ ఇప్పుడే కొనకండి. మోకాళ్లు ఎంత అరిగాయో చూపించుకున్నాక ఆలోచించవచ్చు. గట్టు ఆరాక పక్కింటావిడనో తోడికోడలినో తోడు తీసుకుని, వెలుతురు ఉండగానే వెళ్లిరండి.