అన్నం మానొద్దు, కొలవండి

అమెరికాకి కొత్తగా వచ్చి కడుపుతో ఉన్న అమ్మాయిలు ఆరో నెల దాటాక నన్ను అడిగేది ఒకటే: "అక్కా, షుగర్ వచ్చిందంటున్నారు, అన్నం మానేయాలా?"

ముందు వచ్చిందో లేదో తేలనివ్వండి. 24-28 వారాల మధ్య ఇక్కడ చాలాచోట్ల 50 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి, గంటకి రక్తం తీస్తారు. అందులో ఎక్కువొస్తే పరగడుపున మూడు గంటల టెస్టుకి పిలుస్తారు. దాంట్లో నాలుగుసార్లు తీసే రక్తంలో రెండైనా హద్దు దాటితేనే మామూలుగా జెస్టేషనల్ డయాబెటిస్ (కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగర్) అంటారు.

ఆ తర్వాత డైటీషియన్ ఇచ్చే కాగితంలో ఓట్‌మీల్, బ్రెడ్, టోర్టియా ఉంటాయి. మన ఇడ్లీ ఉండదు. అందుకని ఆవిడని పూటకి ఎన్ని గ్రాముల కార్బ్స్ (పిండిపదార్థాలు) తినొచ్చో అడగండి. కప్పులో మూడో వంతు అన్నం అంటే సుమారు 15 గ్రాములు. రోజూ కంచంలో పెట్టుకునే అన్నాన్ని మెజరింగ్ కప్పుతో ఒక్కసారి కొలిచి చూడండి, గుండె గుభేలుమంటుంది! అలాగని పూర్తిగా మానేసి కడుపు మాడ్చుకుంటే కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు తయారయ్యేవి) వస్తాయి, అదీ మంచిది కాదు. అన్నం తగ్గించి కూర, పప్పు, గుడ్డు పెంచండి.

అసలు చిక్కంతా పొద్దున టిఫిన్‌తోనే. హార్మోన్ల వల్ల ఆ వేళ ఇన్సులిన్ సరిగా పనిచేయదు. రాత్రి తింటే ఏమీ అనని ఇడ్లీలే పొద్దున షుగర్ మీటర్‌ని ఎగరగొట్టొచ్చు. ఉప్మా పెట్టని పెసరట్టు చాలామందికి పడుతుంది. కానీ పక్కనుండే అల్లం పచ్చట్లో బెల్లం ఉంటుంది, మర్చిపోకండి. రాగి సంకటి మంచిదని అమ్మ ఫోన్‌లో చెబుతుంది. రాగుల్లోనూ పిండిపదార్థం తక్కువేం కాదు, దాన్నీ కొలిచే తినాలి.

మామూలుగా షుగర్ పరగడుపున 95 (mg/dL) లోపు, తిన్న గంటకి 140 లోపు లేదా రెండు గంటలకి 120 లోపు ఉండాలంటారు. మీ డాక్టర్ వేరే అంకె చెబితే అదే పాటించండి. కెనడా, బ్రిటన్‌లో ఉన్నవాళ్లు మీటర్ 5.3 చూపిస్తే కంగారు పడకండి, అక్కడి కొలమానం (mmol/L) వేరు, 18తో గుణిస్తే మన లెక్కలోకి వస్తుంది. అంకె పక్కనే ఏం తిన్నారో కూడా రాయండి. మీటర్, స్ట్రిప్పులు దుకాణంలో నేరుగా కొనేముందు ప్రిస్క్రిప్షన్ రాయించుకుంటే ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుందో కనుక్కోండి.

ఎంత పథ్యం చేసినా పరగడుపు అంకె దిగకపోవచ్చు. అది మీ తప్పు కాదు. ఇన్సులిన్ రాస్తే టెన్షన్ పడకండి, అది మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డకి చేరదు.

కాన్పయ్యాక 4-12 వారాల్లో 75 గ్రాముల గ్లూకోజ్‌తో ఇంకో టెస్ట్ ఉంటుంది. పసిబిడ్డ హడావిడిలో దాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. రెండు గంటలు క్లినిక్‌లో కూర్చోవాలి కాబట్టి, అమ్మో అత్తగారో తిరుగు ప్రయాణం కట్టకముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి.